టేకు మెచ్చిన నేల

ఇల్లు కట్టుకునేవారు ఎంత పొదుపరులైనా ఒక్కచోట మాత్రం చెయ్యి బిగబట్టరు. కిటికీలు వేపకర్రతో సరిపెడతారు, వంటింటి అలమారకు ఏదో ఒక చెక్క కొట్టించేస్తారు. సింహద్వారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "టేకే కావాలి" అంటారు. సరే, ఏ టేకు? కలప అడితికి వెళ్తే అక్కడి ఆసామి ఊళ్ళ పేర్లు ఏకరువు పెడతాడు. ఇది బల్లార్షా టేకండీ, అది ఆదిలాబాదుదండీ, ఆ మూల ఉన్నది నీలంబూరు సరుకు, ఇదిగో ఇది రైతులు పొలాల్లో పెంచింది, చవక - ఇలా. వినేవాళ్ళకు చీరల కొట్లో కూర్చున్నట్టే ఉంటుంది. గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ అన్నట్టు చెక్కకు కూడా ఊరు పేరేమిటి?

చీరకు ఆ పేరు నేతగాడి చేతిలోంచి వచ్చింది. చెక్కకు నేలలోంచి వచ్చింది. ఇంత చిన్న మాట దొరలకు తలకెక్కడానికి అర్ధ శతాబ్దం పైగా పట్టింది, లెక్కలేనంత డబ్బు పట్టింది. మన కాలంలో మనలాంటి మధ్యతరగతి వాళ్ళు ఇదే పాఠానికి మళ్ళీ రుసుము చెల్లించారు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఓడల దగ్గర మొదలుపెట్టాలి.

టేకు మీద తెల్లవాళ్ళకు మోజు పుట్టింది మేజాలూ కుర్చీల కోసం కాదు, యుద్ధనౌకల కోసం. ఇంగ్లండులో ఓడలు కట్టేది ఓక్ చెట్టు కలపతో. ఆ చెట్టు ఎదగడానికి నూరేళ్ళు పైన పడుతుంది. యుద్ధాల మీద యుద్ధాలు వచ్చి అడవులు తరిగిపోయాయి. పైగా ఓక్ చెక్కలో ఉండే పులుపు గుణం దానికి కొట్టిన ఇనుప మేకులను తినేస్తుంది. టేకులో ఉండే నూనె మేకును తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పునీళ్ళకు చివకదు, చెదలు దరిచేరవు. బొంబాయి ఓడల కార్ఖానాలో వాడియా వంశపు పార్శీ మేస్త్రీలు మలబారు టేకుతో కట్టిన ఓడలు ఇంగ్లండు నౌకాదళంలో చేరాయి. 1817లో వారు కట్టిన 'ట్రింకోమలీ' అనే ఓడ ఈనాటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నీళ్ళ మీద తేలుతూనే ఉంది. రెండువందల ఏళ్ళు దాటిన చెక్క! చైనా చక్రవర్తి మెడలు వంచి హాంకాంగ్‌ను రాయించుకున్న 1842 నాటి నాన్‌కింగ్ ఒడంబడిక మీద సంతకాలు జరిగింది కూడా బొంబాయిలో టేకుతో కట్టిన 'కార్న్‌వాలిస్' అనే ఓడ మీదే.

మనవాళ్ళేమీ తక్కువ తినలేదు లెండి. గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన కలపతో నర్సాపురంలో పదిహేడో శతాబ్దం నాటికే ఓడలు కట్టేవారు. ఆ తరువాత కోరంగి ఆ పనిలో పేరు మోసింది. 1839 తుపానులో సముద్రం ఊరి మీదికి వచ్చి ఆ వైభవాన్ని తుడిచిపెట్టేసింది. అయినా బర్మాలో తెలుగు కూలీలను ఏ ఊరివాళ్ళని అడక్కుండా అందరినీ 'కోరంగీలు' అనే పిలిచేవారు.

ఇంత గిరాకీ ఉన్న చెట్టును వెతుక్కుంటూ కొండలెక్కడం దేనికి, రేవు పక్కనే తోట వేసుకుంటే పోలేదా అన్న ఆలోచన రావడం సహజం. వచ్చింది రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారికి. 1787లో కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున శిబపూర్‌లో కంపెనీవారి చేత ఒక పెద్ద తోట పెట్టించాడు. ఆ మహా మర్రిచెట్టు ఉన్న బొటానికల్ గార్డెన్ అదే. ఈరోజు మనం విహారానికి వెళ్ళి ఫొటోలు దిగే ఆ తోట మొదలుపెట్టిన ఉద్దేశాలలో ముఖ్యమైనది ఓడల కోసం టేకు పెంచడం. కిడ్ 1793లో చనిపోతే, ఆ చోటుకు మన సామర్లకోట నుంచి ఒకాయన వెళ్ళాడు. విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో డాక్టరుగా ఉంటూ, తోట పెంచి, మిరియాల దగ్గరనుంచి నీలిమందు దాకా రకరకాల మొక్కలు పరీక్షించి, మన దేశపు చిత్రకారుల చేత చెట్ల బొమ్మలు గీయించిన మనిషి. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన గొప్ప పుస్తకం మొదటి సంపుటంలోనే టేకు బొమ్మ ఉంది. ఇంతకంటే తెలిసిన తోటమాలి కంపెనీకి దొరకడు.

గంగమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. గడ్డపార వెయ్యక్కర్లేని మెత్తటి నేల. వరి చల్లితే బంగారం పండే చోటు. ఎరువు అక్కర్లేదు, తోడి పొయ్యక్కర్లేదు. మనమైనా అదే అనుకుంటాం, ఇంత మంచి మట్టిలో టేకు పెరగకపోతే ఇంకెక్కడ పెరుగుతుందని!

చెట్లు పెరిగాయి కూడాను. పైకి చూస్తే లోటేమీ కనిపించదు. ఓడకు పనికొచ్చే దూలం మాత్రం రాలేదు. మొదట్లోనే డొల్ల. అక్కడొకటి ఇక్కడొకటి కాదు, చెట్లకు అదే రోగం. ఇంచుమించు ముప్ఫయ్ అయిదేళ్ళు ఓపిక పట్టి, ఇక్కడ టేకు లాభం లేదని ఒదిలేసుకున్నారు. 1820లో ఆ తోటలోంచి టేకు వేసిన కొంత జాగాను బిషప్స్ కాలేజీ అనే క్రైస్తవ విద్యాలయానికి ఇచ్చేశారు. తరువాత అక్కడికి ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. ఓడలు తయారు కావలసిన నేల మీద ఇంజనీర్లు తయారయ్యారు.

ఏమైంది మరి? వరికీ టేకుకీ ఉన్న తేడా ఏమిటంటే, వరి నీళ్ళలో నిలబడగలదు, టేకు నిలబడలేదు. వేరుకు నీరెంత కావాలో గాలీ అంత కావాలి. కాని గంగ డెల్టా మట్టి పిండిలాంటి మెత్తటి బంక. అందులో సందులు తక్కువ. వానాకాలంలో ఆ కాస్త సందుల్లోనూ నీరు నిండిపోయి నెలల తరబడి కదలదు. జానెడు లోతు తవ్వితే ఊట. అలాంటి చోట వేరు ఊపిరాడక లోపల లోపలే చస్తుంది. చచ్చిన వేరులోంచి బూజు పైకి పాకి మాను మధ్యను తినేస్తుంది. చెట్టు మాత్రం బెరడు కిందుగా నీరు తాగుతూ పచ్చగానే ఉంటుంది. ఆకులు చూసి ఎవరూ పోల్చుకోలేరు. గొడ్డలి పడ్డ రోజునే తెలుస్తుంది.

ఇక కథ దేశానికి ఆ చివరికి, మలబారుకు పోతుంది. అక్కడ అడవిలో టేకు వద్దంటే ఉండేది. బొంబాయి ఓడలకు కలప ఆగకుండా అందాలని కంపెనీవారు 1806లో వాట్సన్ అనే కెప్టెనును అడవుల మీద అధికారిగా వేశారు. ఆయన టేకంతా కంపెనీదే పొమ్మని శాసించాడు. సొంత అడవిలో చెట్టు కొట్టుకోవడానికి కూడా జమీందార్లకు వీలులేదు. గగ్గోలు పుట్టింది. 1823లో ఆ పదవిని మద్రాసు గవర్నరు రద్దు చేసేశాడు. ఎవరా గవర్నరు అనుకున్నారు? మన రాయలసీమవాళ్ళు మన్రోలయ్య అని పిల్లలకు పేరు పెట్టుకున్న సర్ థామస్ మన్రో. రైతుల కష్టం తెలిసిన మనిషి కదా, జనం మీద దౌర్జన్యం వద్దన్నాడు. ఉద్దేశం మంచిదే. కాని ఫలితం మాట చెప్పుకోకపోతే న్యాయం కాదు. పట్టపగ్గాలు లేకుండా వర్తకులు గొడ్డళ్ళు పట్టుకుని దిగారు. ఇరవై ఏళ్ళు తిరక్కుండా నదికి దగ్గర్లో ఓడకు పనికొచ్చే టేకు కనిపించకుండా పోయింది.

అప్పుడు వచ్చాడు హెన్రీ కొనలీ, మలబారు జిల్లా కలెక్టరు. కొట్టిన చెట్టుకు బదులు చెట్టు పెట్టాలన్న పట్టుదల గలవాడు. 1842 ప్రాంతాల నీలంబూరు దగ్గర, చాలియార్ నది ఒడ్డున నేల తీసుకుని టేకు నాటే పనికి పూనుకున్నాడు. ఆ ఏడే ఆయన తోబుట్టువు ఆర్థర్ కొనలీని బుఖారా అమీరు తల తీయించాడు. ఒక తల్లి బిడ్డలలో ఒకడు మధ్య ఆసియా ఎడారుల్లో గూఢచారి పనికి పోతే, ఒకడు మలబారు వానల్లో విత్తనాలు చల్లుతున్నాడు.

చల్లాడు గాని మొలవలేదు. టేకు విత్తనం చూశారా ఎప్పుడైనా? కుంకుడుకాయ అంత ఉంటుంది, పైన నూగు పట్టిన పొర, లోపల రాయిలాంటి పెంకు. వానకు నానాలి, ఎండకు ఎండాలి, మళ్ళీ నానాలి. అప్పుడు గాని నోరు విప్పదు. ఒక ఏడు పోయింది, రెండో ఏడు పోయింది. కలెక్టరుగారు పిచ్చిపనికి డబ్బు తగలేస్తున్నారన్నవాళ్ళు ఉండే ఉంటారు. 1844లో ఈ పని చాతు మేనోన్ అనే స్థానిక ఉద్యోగి చేతిలో పెట్టాడు. ఆయన నారుమడులు చేయించి, తొలకరి సమయం చూసి విత్తి, పైన పలచగా మట్టీ గడ్డీ కప్పి, మొలిచిన నారును వానల్లో నాటించాడు. మన వరినాట్ల పద్ధతి తెలిసిన దేశపు మనిషి కదా! మొక్కలు నిలిచాయి. 1862లో ఆయన పోయేనాటికి పది లక్షలకు పైగా టేకు మొక్కలు నాటించాడంటారు. ప్రపంచంలోకెల్లా పాతదైన టేకు తోటకు కొనలీ పేరే నిలిచింది. పెత్తనం ఒకరిది, చెమట ఒకరిది. అయినా నీలంబూరులో చాతు మేనోన్ పేరు ఇప్పటికీ తలుచుకుంటారు.

కొనలీ ఆ చెట్లు పెద్దవి కావడం చూడలేదు. 1855 సెప్టెంబరులో కోళిక్కోడులో తన బంగళా వరండాలో భార్యతో కూర్చుని ఉండగా, జైలు తప్పించుకుని వచ్చిన మాప్పిళ్ళ తిరుగుబాటుదార్లు ఆవిడ కళ్ళ ఎదుటే నరికి చంపారు. అప్పటికి నీలంబూరులో తొలి మొక్కలకు పట్టుమని పదేళ్ళు.

ఇక్కడ మనం నిలబడి ఒక ప్రశ్న వేసుకోవాలి. శిబపూర్‌దీ నది ఒడ్డే, నీలంబూరుదీ నది ఒడ్డే. అక్కడా ఒండ్రే, ఇక్కడా ఒండ్రే. వాన సంగతి చెప్పాలంటే నీలంబూరులో బెంగాలు కంటే జోరు. మరి అక్కడ డొల్ల, ఇక్కడ దూలం ఎందుకైనట్టు?

తేడా వాన పడటంలో లేదు, పడ్డ వాన ఎటు పోతుందన్న దాంట్లో ఉంది. చాలియార్ కొండల మీదనుంచి దిగే చురుకైన నది. అది తెచ్చి పోసింది బంక కాదు, ఇసుకపాలు కలిసిన లోతైన మట్టి. ఎంత వాన కురిసినా గంజి వార్చిన అన్నంలా నీరు జారిపోతుంది, చెమ్మ మాత్రం మిగులుతుంది. వేరు ఎంత లోతుకు పోతానన్నా అడ్డు లేదు. టేకుకు సున్నపు పదార్థం మీద కూడా మక్కువ ఎక్కువ. వేరుతో లాక్కుని ఆకుల్లోకీ బెరడులోకీ ఎక్కించుకుంటుంది. ఒక్కోసారి పెద్ద దూలం చీల్చినప్పుడు లోపల తెల్లటి సున్నపు గీత కనిపించి ఇంటివారు పురుగు పట్టిందేమోనని కంగారుపడతారు. పురుగూ కాదు, పుట్రా కాదు, చెట్టు నేలలోంచి తెచ్చి దాచుకున్న ఖనిజం. అలాగే మట్టిలోని సిలికా, అంటే మనం ఇసుక అనుకునేదే, కొద్ది కొద్దిగా చెక్కలో చేరుతుంది. టేకు చిత్రిక పడుతూ వడ్రంగి గడియకోసారి పనిముట్టు నూరుకుంటాడు, ఆలస్యం చేస్తున్నాడని మనం విసుక్కుంటాం. తప్పు అతనిది కాదండీ. ఎక్కడో ఏటి ఒడ్డు ఇసుక అతని ఉలి మొన తింటోంది.

తొలి తోట బ్రహ్మాండంగా రావడంతో తరువాతి అధికారులకు ఆశ పెరిగింది. ఒడ్డు నేల అయిపోతే గట్ల మీదికీ, మెరకల మీదికీ ఎక్కారు. అక్కడ ఉన్నది వేరే నేల. నీలంబూరుకు ఎంతో దూరం లేని అంగాడిపురం అనే ఊళ్ళో బుకనన్ అనే డాక్టరు ఒక చిత్రమైన తుప్పురంగు రాయిని చూసి, 1807లో అచ్చయిన తన పుస్తకంలో దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఇటుక అని అర్థం. నేలలో ఉన్నప్పుడు కత్తితో కోస్తే తెగుతుంది, ఇటుకల్లా కోసి బయటపెడితే గాలికీ ఎండకీ గట్టిపడిపోతుంది. కేరళలో ఇళ్ళన్నీ కట్టింది దానితోనే. వేల ఏళ్ళ వానలకు సున్నమూ సారమూ కొట్టుకుపోయి ఇనుమూ అల్యూమినియమూ మిగిలిన నేల అది. గోడకు మంచిదే. టేకు వేరుకు మాత్రం గోడే. అలాంటి చోట నాటినవి ఎన్నేళ్ళయినా గిడసబారి మిగిలాయి. కూతవేటు దూరంలో, ఒకే విత్తనం, ఒకే వాన, ఒకే పోషణ. ఏటి ఒడ్డున ఆకాశాన్ని అంటే మాను, గట్టు మీద వంకర కర్ర.

నీలంబూరులో మొదట నాటిన దాంట్లో ఒక ముక్క, ఆరెకరాలకు కాస్త తక్కువ, కొట్టకుండా ఉంచేశారు. కొనలీ ప్లాటు అంటారు. 1846 ప్రాంతం నాటి చెట్లు ఇప్పటికీ ఉన్నాయి, మొదళ్ళను ఇద్దరు ముగ్గురు చేతులు చాచి పట్టుకోవాలి. ఊళ్ళో టేకు కోసమే ఒక మ్యూజియం కూడా 1995లో పెట్టారు. కేరళ వెళ్ళేవారు గురువాయూరూ పడవ ఇళ్ళూ చూసుకుని వచ్చేస్తారు గాని, ఒకపూట మిగుల్చుకుని ఇటు కూడా వెళ్ళిరావచ్చు.

అయితే మంచి నేల కూడా అక్షయపాత్ర కాదు. నీలంబూరులో తొలి పంట కోసి, ఆ చోటే మళ్ళీ టేకు నాటితే రెండో కాపు మొదటిదానిలా ఎదగడం లేదని చాలాచోట్ల గమనించారు. మాగాణిలో ఏటా వరే వేస్తే ఏమవుతుందో ఏ రైతు ఇంటి ఆడపడుచునడిగినా చెబుతుంది. మధ్యలో పిల్లిపెసరో జనుమో చల్లితే గాని నేల తేరుకోదు. టేకు కోతకు అరవై డెబ్బై ఏళ్ళు, ఆ దుంగలతోపాటు అంతకాలపు సున్నమూ సారమూ లారీ ఎక్కి వెళ్ళిపోతాయి. ఇంకొక దెబ్బ ఆకు వల్ల. టేకాకు విస్తరంత ఉంటుంది. చిన్న చినుకులన్నీ దాని మీద పోగయి, అంత ఎత్తునుంచి పెద్ద ధారగా నేల మీద పడతాయి. కింద వేరే పొదా గడ్డీ లేకుండా వట్టి టేకే వేసిన తోటలో ఆ ధారకు పైమట్టి కోసుకుపోతుంది. అడవిలో అయితే టేకు ఒంటరిగా ఉండదు. మద్దీ, వెదురూ, తునికీ పక్కన ఉంటాయి, నేలను చీర చుట్టినట్టు కప్పి ఉంచుతాయి. ఉమ్మడి కుటుంబంలో ఉన్న అణకువ వేరు కాపురంలో ఉండదంటారే, టేకు విషయంలో అది నిజం. (మనుషుల విషయంలో నేను పూచీపడను.)

ఇంతకీ చెట్టు పెద్దదవడం వేరు, చెక్క మంచిదవడం వేరు. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది, చేవ. దుంగను అడ్డంగా కోస్తే చుట్టూ పాలిపోయిన తెల్లచెక్క, నడుమ తేనెరంగు చేవ కనిపిస్తాయి. తెల్లచెక్క చెట్టుకు నీరు మోసే గొట్టం, దానికి రక్షణ లేదు. చెట్టు వయసు మీద పడేకొద్దీ లోపలి పొరలకు ఆ పని తప్పించి, వాటిలో నూనెలూ, చెదపురుగుకు గిట్టని మందులూ నింపుతుంది. అదే చేవ. మనిషిలో చేవ ఉందా అని మనం అడిగేది ఈ చెక్కలోంచి వచ్చిన మాటే.

నెమ్మదిగా పెరిగిన టేకే గట్టిదని పెద్దలు చెప్పే మాట ఒకటుంది. పరిశోధకులు కోసి, తూచి, విరిచి చూస్తే అది పూర్తిగా నిజం కాదని తేలింది. టేకులో ఏటేటా ఒక వలయం వేస్తుంది. ఆ వలయంలో తొలి వానలకు పెద్ద పెద్ద రంధ్రాలున్న గుల్లచెక్క, తరువాత చిక్కటి చెక్క. మంచి నేలలో వలయం వెడల్పయితే ఎక్కువగా పెరిగేది చిక్కటి భాగమే. కాబట్టి ఏపుగా పెరిగినంత మాత్రాన చెక్క బలహీనం కానక్కర్లేదు. బలహీనం చేసేది లేత వయసు. మొదటి ఇరవై ఏళ్ళలో వేసిన చెక్క పసిది. పదిహేనేళ్ళకే నడుము లావెక్కిందని కోసేస్తే చుట్టూ తెల్లచెక్కే ఎక్కువ, నడుమ చేవకు మందు చాలదు. కేరళలో పెరటి తోటల్లో, తడి నేలల్లో పెంచిన టేకును అడవిశాఖ తోటల టేకుతో పోల్చి చూస్తే, పెరటి టేకు బూజుకు త్వరగా లొంగింది. నీరూ ఎరువూ పోసి ముద్దుగా పెంచిన పిల్లవాడన్నమాట.

ఇక అందం సంగతికొస్తే గౌరవం మన పొడి అడవులదే. నీలంబూరు టేకు పొడుగూ లావూ, రంగు బంగారు వన్నె. ఓడకూ దూలానికీ అది. ఆదిలాబాదు టేకు చేవలో గులాబీ ఛాయ ఉంటుందని కలప శాస్త్రజ్ఞులు పేరెట్టి మరీ రాశారు. గోదావరి లోయ టేకు అలలు అలలుగా తిరిగే గీతలకు, బీరువాలకూ మంచాలకూ పేరుపొందింది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, రాళ్ళు కలిసిన నేల. చెట్టు అక్కడ బ్రహ్మాండంగా లావెక్కదు, నిటారుగానూ సాగదు. కాని రంగూ గీతా చూడాలి. అయోధ్య గుడి తలుపులకు 2023లో టేకు వెళ్ళింది కూడా ఆదిలాబాదుకు పక్కనే ఉన్న బల్లార్షా అడవులనుంచే. ఏది గొప్పని అడిగితే ఏం చెబుతాం? దూలానికో నేల, పందిరి మంచానికో నేల.

ఇక మొదట్లో ఇచ్చిన మాట. 1990ల్లో పేపర్ల నిండా, టీవీల నిండా టేకు తోటల ప్రకటనలు గుర్తున్నాయా? వెయ్యో రెండు వేలో కట్టండి, మీ పేర ఒక టేకు చెట్టు పెంచుతాం, ఇరవై ఏళ్ళకు లక్ష చేతికిస్తాం, అమ్మాయి పెళ్ళికి అక్కరకు వస్తుంది అని. ఊరూరా అలాంటి కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. కట్టినవాళ్ళలో సగం మంది మనలాంటి ఇల్లాళ్ళే. పోపుల డబ్బాలో దాచినదీ, చీటీ పాడినదీ, పుట్టింటివారు పెట్టినదీ. మా పెద్ద ఆడపడుచుగారు రెండు జతల గాజులు మార్చి పది చెట్లు కొన్నారు. చేతికి రంగుల పటం, చెట్టు నంబరు వేసిన సర్టిఫికెట్టు వచ్చాయి. వాటిని బీరువాలో పట్టుచీరల కింద దాచారు.

"చెట్టు ఎక్కడుందండీ వదినా?" అంటే, "ఏదో తోటలో ఉందిట" అన్నారు. ఆ తోట నేల ఏమిటని ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు, కంపెనీవారూ చెప్పలేదు. లక్ష అన్న లెక్క మాత్రం ఎక్కడిది? బహుశా ఏ నీలంబూరు ఒడ్డులో అరవై ఏళ్ళు పెరిగిన చెట్టు ధర ఇరవై ఏళ్ళ చెట్టుకు అంటగట్టి ఉంటారు. ఆ పద్ధతిలో డబ్బు వసూలు చేసే కంపెనీలకు ముకుతాడు వెయ్యడానికి సెబీ 1999లో నిబంధనలు తెచ్చేనాటికి చాలా కంపెనీల తలుపులకు తాళాలు పడ్డాయి.

ఆ తరువాత చాలా ఏళ్ళకు, ఆ దారిన కారులో వెళుతూ మా మరిదిగారు ఆరా తీసి ఆ తోట చూపించారు. అక్కడి రైతు ఒకాయన మాతో నడిచి వచ్చాడు. పలుగు పుచ్చుకుని ఒకచోట రెండు పోట్లు పొడిచాడు. మూరెడు ఎర్రమట్టి, దాని కింద ఖణేల్ మని రాతిపలక. "ఇక్కడ టేకు ఎట్టా వత్తాదమ్మా, వేరు దిగేదానికి చోటేదీ? ముందుగాల ఒక గుంట తవ్వి చూసుకునుంటే సరిపోయేది కదా" అన్నాడు. టేకు అక్కడక్కడా చేతికర్ర లావున నిలబడి ఉంది. ఆడపడుచుగారు తన నంబరు చెట్టు కోసం కాసేపు వెతికారు, నంబరు రేకులు ఎప్పుడో పోయాయి.

టేకు రాని ఆ రాళ్ళ సందుల్లో మాత్రం ఎవరూ నాటని సీతాఫలం చెట్లు గుబురుగా మొలిచి విరగకాసి ఉన్నాయి. రైతు ఒక బుట్టెడు కోసి కారులో పెట్టాడు, డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆడపడుచుగారు దారిపొడుగునా ఒక్కొక్కటే నొక్కి చూస్తూ, పండినవి వేరుగా పెడుతూ కూర్చున్నారు.